పాత గుడి ఉపదేశి గారు, నా చేతిలో గంట

మా ఉపదేశి గారు పోయారన్న సంగతి నాకు మా ఆవిడ చెప్పింది. బుధవారం పొద్దున్న. కళాకేంద్రం వాకిలి ఊడ్చి ఇంటికొచ్చి నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాను. ఆవిడ పక్కనే చేపలు తోముతూ, తలెత్తకుండానే, "మీ మేస్టారు పోయేరంటండి. తెల్లారగట్ట" అంది.

"ఎవరు చెప్పేరు?"

"ఊరంతా అనుకుంటన్నారు. ఆరింటికల్లా ఫోన్లెళ్ళిపోయేయి. రాజోలు నించి చుట్టాలు కూడా దిగిపోయేరు. మీకెవరూ చెప్పలేదా?"

"లేదు."

"చెప్పర్లెండి" అంది. చేపని తిరగేసి రెండో పక్క పొలుసు గీకింది. "మీకెందుకు చెప్తారు?"

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. ఎందుకలా అందో మీకు తెలియాలంటే నేను ఆయన గురించి చెప్పాలి, ఆ గుడి గురించి చెప్పాలి, ఆ గుడిలో నేను చేసిన ఒక పని గురించి చెప్పాలి. నాకు మాటలు తక్కువ. చదివింది ఐదో తరగతి. ఆ ఐదూ ఆయన చెప్పినవే. కాబట్టి ఈ రాతలో తప్పులుంటే అందులో కొన్ని ఆయనవి కూడా. ఈ ముక్క ఆయన చదివితే బెత్తం ఎక్కడుందని వెతికేవారు.

ఉపదేశి అంటే తెలియనివాళ్ళు ఉంటారు. మా ఆర్సీఎం గుడికి, అంటే రోమన్ కేథలిక్ చర్చికి, ఫాదర్ గారు నెలకి ఒకటి రెండు ఆదివారాలు వచ్చి పూజ చేసి వెళ్ళిపోయేవారు. మిగతా రోజులన్నీ గుడి నడిపేది ఉపదేశి. పిల్లలకి జపాలు నేర్పాలి, జబ్బు పడ్డవాళ్ళ మంచం పక్కన కూర్చోవాలి, పోయినవాళ్ళని సాగనంపాలి. మా ఉపదేశి గారు పగలు బడి చెప్పి సాయంత్రం ఈ పనులన్నీ చేసేవారు. మనిషి సన్నం. గొంతు లావు. చెవులు మాత్రం కుందేలు చెవులు. పాతికమంది పిల్లలం ఒక్కసారి జపం చెబుతుంటే, అందులో ఒకడు పెదాలు మాత్రమే ఆడిస్తున్నాడని కళ్ళు మూసుకుని పట్టుకునేవారు. చాలాసార్లు ఆ ఒకణ్ణి నేనే.

"నోరు తెరవడానికి సిగ్గా నీకు?" అనేవారు. "దేవుడు కూడా నీలాగే సిగ్గుపడి నోరు మూసుకుంటే ఏమైపోదువురా?"

కొట్టేవారు. దాచడం దేనికి. వేళ్ళు కలిపి పట్టమని, గోళ్ళ మీద కొట్టేవారు. మా తరంలో ఆయన దగ్గర చదివినవాళ్ళు టీచర్లయ్యారు, బ్యాంకుల్లో చేరారు, నర్సులై పరాయి దేశాలు వెళ్ళారు. వాళ్ళలో ఎవరిని అడిగినా ముందు చూపించేది వేళ్ళే.

గుడి సంగతి ఆయన చెప్పగా విన్నదే నాకు తెలుసు. మా తాతల కాలంలో తెల్లదొరలైన ఫాదర్లు కాలవ మీద పడవలో వచ్చారట. మొదట తాటాకు పాక. తర్వాత గోడలు లేపారు. సముద్రపు ఒడ్డు నుంచి గుల్లలు తెప్పించి, కాల్చి, నీళ్ళు పోసి విరిచి, ఇసకతో గానుగలో తిప్పేవారు. అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసేవారు. గానుగలోంచి తీసిన సున్నాన్ని కాళ్ళతో తొక్కేది ఆడకూలీలు. మా పేట ఆడవాళ్ళే. రోజంతా తొక్కితే పాదాల మీద తోలు ఊడి వచ్చేదట. మా నాయనమ్మ అరికాళ్ళు నేను చూశాను. ఎండిన చెరువు అడుగులా ఉండేవి.

గుడి పూర్తయ్యాక, ఆ సున్నం తొక్కినవాళ్ళు ద్వారం దగ్గర, వెనక కూర్చున్నారు. పొలాలున్న నాలుగు కుటుంబాల వాళ్ళు ముందు కూర్చున్నారు. మధ్యలో నడుమెత్తు టేకు కటకటా ఒకటి కట్టారు. ఫాదర్ గారు పూజలో అప్పం, అంటే మా ప్రసాదం, పంచేటప్పుడు కూడా ముందు కటకటాకి అవతలివాళ్ళు తీసుకోవాలి. ఆ తర్వాత మేము. చాలా ఏళ్ళు అలాగే నడిచింది.

ఆ కటకటాని తీసింది మా ఉపదేశి గారే. అప్పటికి ఆయనకి ముప్పై కూడా ఉండవు. ఒక సోమవారం రంపం తెచ్చి మొదలంటా కోసేశారు. ఫాదర్ గారు అడిగితే "చెద పట్టిందండి. పిల్లల మీద పడుద్దని తీసేసేను" అన్నారు. చెద పట్టలేదు. ఆ కర్రలు బయటికి మోసినవాళ్ళలో నేనొకణ్ణి, నాకు తెలుసు. ఆ వారమే సాయంత్రం పూట, కాలవ గట్టు మీద ఆయన్ని నలుగురు పట్టుకుని కొట్టారు. ఎడమ మోకాలి చిప్ప జరిగింది. తర్వాత ఆదివారం ఆ మోకాలితోనే వచ్చి కటకటా ఉన్న చోటికి అవతల మోకరించారు. ఆయన వెనక మేము.

ఆ మోకాలు ఆయనకి మరి బాగుపడలేదు. వంగుతుంటే టక్కుమని శబ్దం వచ్చేది. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

నాకు పెళ్ళయిన ఏడాది గుడిలో పని ఇప్పించారు. ఊడ్చడం, దీపంలో నూనె పోయడం, గంటలు కొట్టడం. పై గంట తాడు లాగడం ఎవరికైనా వచ్చు. పూజలో కొట్టే పిడి గంట అలా కాదు. దాన్ని నేర్పడానికి ఆయనకి నలభై రోజులు పట్టింది. ఫాదర్ గారు అప్పాన్ని రెండు చేతులతో పైకెత్తుతారు. అప్పుడు ఆ అప్పంలోకి దేవుడే దిగొస్తాడని మా నమ్మకం, గంట వినగానే గుడంతా మోకరించి తల వంచుతుంది. ఎత్తుతున్నప్పుడు కొట్టకూడదు. చేతులు పైకి వెళ్ళి ఆగాలి. ఆగినచోట ఒక ఊపిరి నిలుస్తాయి. ఆ ఊపిరి మధ్యలో మొదటి దెబ్బ. దాని మోత సన్నగిల్లుతుండగా రెండోది. మూడోది కొట్టి, అరచేతిని గంట అంచుకి ఆనించి మోతని అక్కడికక్కడ ఆర్పేయాలి. తర్వాత గుడిలో చీమ నడిచినా వినపడాలి.

ఆయన గోడవైపు తిరిగి కూర్చుని వినేవారు. "తొందరపడ్డావు. ఇది బడి గంట" అనేవారు. "ఇది సోడా బండి గంట. మళ్ళీ." తప్పు కొడితే వెనక్కి తిరిగి వేళ్ళ మీద ఒకటి ఇచ్చేవారు. ఒకరోజు మా ఆవిడ క్యారేజీ తెచ్చి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది.

"పెళ్ళయ్యాక కూడా దెబ్బలేంటండి?" అంది నాతో, దారిలో.

"నేర్చుకుంటన్నాను."

"మనకి పిల్లలు పుట్టేక కూడా కొడతారా?"

పిల్లలు పుట్టారు. ఇద్దరికీ ఆయనే పేర్లు పెట్టారు. అప్పటికి కొట్టడం మానేశారు. ఒక పండగ పూజ అయ్యాక, గుడి వెనక నీళ్ళు తాగుతుంటే, నా పక్కకొచ్చి నిలబడి, "ఇవాళ కొట్టింది నువ్వో నేనో నాకు తెలీలేదురా చిన్నోడా" అన్నారు. నా బతుకులో నన్ను ఎవరైనా మెచ్చుకున్నారంటే అదే. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఇప్పుడే చెబుతున్నాను.

పెద్ద తుఫానుకి పేట మొత్తం ఆ గుడిలోనే తలదాచుకుంది. గోడలు నిలబడ్డాయి గానీ పైకప్పు దూలాలు సడలిపోయాయి. ఏటేటా పెంకులు జారేవి. చివరికి మెయిన్ రోడ్డు మీద కొత్త గుడి కట్టారు. మైకులు, పాలరాయి, పెద్ద శిలువ. పాత గుడి మూసిన రోజున ఫాదర్ గారు సత్ప్రసాదం గిన్నె తీసుకుని ఊరేగింపుగా కొత్త గుడికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు పీఠం దగ్గరి ఎర్ర దీపం ఆర్పమని నాకు చెప్పారు. ఆర్పాను. ఆ దీపం మా నాన్న చిన్నప్పటి నుంచి ఆరలేదట. ఊరేగింపు వెళ్ళిపోయింది. ఉపదేశి గారు వెళ్ళలేదు. ఆరిన వత్తి వాసన పోయేదాకా అక్కడే నిలబడ్డారు.

కొన్నేళ్ళు గుడిలో గబ్బిలాలు ఉన్నాయి. తర్వాత పట్నం నుంచి కళలవాళ్ళు వచ్చి లీజుకి తీసుకున్నారు. అబద్ధం చెప్పకూడదు, బాగా చేయించారు. దూలాలు మార్చారు, పెంకులు వేశారు, ఏసీ పెట్టారు. పీఠం ఉన్న ఎత్తుని పెంచి స్టేజీ చేశారు. పాపాలు చెప్పుకునే చెక్కగదికి అద్దం బిగించి టిక్కెట్ల కౌంటర్ చేశారు. బొమ్మలేయడం, డాన్సు, నాటకం నేర్పేవారు. నన్ను వాచ్‌మన్‌గా పెట్టుకున్నారు. గుడి తలుపుల్లో ఏ రెక్క ముందు తీయాలో నాకే తెలుసు కాబట్టి.

ఉపదేశి గారు కోప్పడతారని అనుకున్నాను. కోప్పడలేదు. ఆ కౌంటర్ దగ్గర నిలబడి చూసి, "అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు నిలబడే పనైపోతంది" అన్నారు. నేను నవ్వాను.

"మీకు బాధగా లేదాండి?"

"ఖాళీగా ఉంటే గబ్బిలాలే కదరా పూజ చేసుకునేది. ఆడుకోనీ పిల్లల్ని."

రోజూ మధ్యాహ్నం మూడింటికి వచ్చేవారు. గేటు దగ్గరే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచేవారు. స్టేజీ కింద, నేల మీద, ఒక జపమాల చెప్పేంతసేపు మోకరించేవారు. డాన్సు పిల్లలు ఆయన్ని తప్పించుకుని తిరిగేవారు. ఒకసారి టీచరమ్మ పాట ఆపించబోతే, "ఆపకండమ్మా. మీ పని మీది" అన్నారు.

"ఇంకా ఇక్కడికే ఎందుకండి? కొత్త గుడి ఉందిగా" అని అడిగాను ఒకసారి.

"ఫాదర్ గారు తీసుకెళ్ళింది గిన్నె ఒకటే కదా. మిగతాదానికి లారీ పెట్టలేదు."

కేంద్రం మేనేజరమ్మ గారు మంచిదే. ఊరి చరిత్ర తెలిసిన పెద్దాయన అని, ఎవరైనా చూడ్డానికి వస్తే ఆయన చేత చెప్పించేది. ఆయన గుల్ల సున్నం చెప్పేవారు, పాదాలు చెప్పేవారు, తర్వాత కటకటా చెప్పేవారు. వచ్చినవాళ్ళ ముఖాలు మాడిపోయేవి.

"మేస్టారూ, ఆ కటకటా ఒక్కటీ వదిలేద్దామండి" అంది ఒకరోజు. "చాలా నెగటివ్‌గా ఉంటోంది. వెడ్డింగ్ షూట్లకి కూడా వస్తున్నారు కదా."

"చెప్పడానికి సిగ్గేసేదే ముందు చెప్పాలమ్మా" అన్నారు ఆయన. "మిగతాది మీ బోర్డు మీద రాసే ఉంది."

ఆ మర్నాటి నుంచి చరిత్ర చెప్పమని ఆయన్ని పిలవలేదు. మూడింటికి వచ్చి మోకరించడం మాత్రం మానలేదు. ఆవిడా కాదనలేదు.

ఇక నా సంగతి. నాలుగేళ్ళ కిందట, వేసవిలో, కేంద్రంలో నాటకం వేశారు. డైరెక్టరు కుర్రవాడు, పట్నం నుంచి వచ్చాడు. హుషారైన మనిషి. అందులో ఒక దొంగ పోలీసులకి భయపడి గుడిలో దూరి, ఫాదర్ గారి అంగీ తగిలించుకుంటాడు. జనం వచ్చేస్తారు. వాడికి పూజ రాదు. చేతికి దొరికిన స్టీలు గ్లాసు పైకెత్తుతాడు. అప్పుడు గంట మోగాలి.

"తాతగారూ, మీరు ఇక్కడ గంట కొట్టేవారంట కదా" అన్నాడు డైరెక్టరు. "మావాళ్ళు కొడితే ఐస్‌క్రీమ్ బండిలా ఉందండి. మీరు కొట్టండి."

ఆ పిడి గంట బీరువాలో ఉండిపోయింది. కొత్త గుడికి వేరేది కొన్నారు. చింతపండు పెట్టి తోమాను. ఎన్నేళ్ళయిందో చేత్తో పట్టుకుని. మా ఆవిడతో చెబితే, "నాటకానికా?" అంది. "ఊఁ" అన్నాను.

నాటకం రోజు ఊరంతా వచ్చింది. ఉపదేశి గారి కూతురు ఆయన్ని తీసుకొచ్చింది. ఆవిడ టీచరుగా చేసి రిటైరయ్యింది, నన్ను బాబాయి అంటుంది. మేనేజరమ్మ గారు ఆయన్ని ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టింది. నేను తెర పక్కన, జనానికి కనపడకుండా, స్టూలు మీద కూర్చున్నాను. తెర సందులోంచి ముందు వరస కనపడుతోంది.

దొంగ గ్లాసు ఎత్తాడు. చేతులు పైకి వెళ్ళాయి, ఆగాయి. నేను ఊపిరి చూసుకున్నాను. కొట్టాను. మొదటిది, రెండోది. మూడోది కొట్టి అరచేత్తో ఆర్పాను.

టక్కుమని వినపడింది.

ఉపదేశి గారు కుర్చీలోంచి దిగి మోకరించారు. తల వంచారు. ఆయనతోపాటు వెనకెక్కడో ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు కూడా కూర్చున్నచోటే వంగారు. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత కుర్రాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. అది హాలంతా పాకింది. రిహార్సల్‌లో ఎప్పుడూ రానంత నవ్వు విని స్టేజీ మీది దొంగకి హుషారొచ్చింది. గ్లాసు దించి, మళ్ళీ ఎత్తాడు.

డైరెక్టరు నా చెవి దగ్గరికొచ్చాడు. "ఇంకోసారి, తాతగారూ."

ఉపదేశి గారు కుర్చీ చెయ్యి పట్టుకుని లేస్తున్నారు. సగం లేచారు. నేను చూడలేదని రాయొచ్చు. తెర అడ్డం వచ్చిందని రాయొచ్చు. చూశాను. కొట్టాను. ఆయన మళ్ళీ వంగారు. కుర్చీ పక్కకి జరిగిపోయి, చేత్తో నేలని పట్టుకున్నారు. ఎవరో "తాతా, వన్స్ మోర్" అని అరిచారు. ఆయన కూతురు "నాన్నగారూ, నాటకమండి, నాటకం" అంటోంది. ఆయన రెండు చేతులూ నేల మీద ఆన్చి లేవబోతున్నారు.

"లాస్ట్, తాతగారూ. అదిరిపోయింది."

మూడోసారీ కొట్టాను. ఇంకొకటి కూడా చెప్పాలి. నాకు నవ్వొచ్చింది. ఊరంతా నవ్వుతుంటే, నన్నెప్పుడూ ఏ పనికీ పిలవనివాళ్ళు నేను గంట కొడితే అలా నవ్వుతుంటే, నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే మూడో దెబ్బ మోతని అరచేత్తో ఆర్పాను. ఆయన నేర్పినట్టు. ఏమాత్రం తప్పు లేకుండా.

మూడోసారి ఆయన లేవలేదు. మోకాళ్ళ మీదే ఉండి, తలెత్తి, స్టేజీ వైపు కాదు, తెర వైపు చూశారు. నేనున్న వైపు. తర్వాత కూతురు, ఇంకెవరో కలిసి లేపి బయటికి తీసుకెళ్ళారు. నాటకం ఆగలేదు. చివర్లో డైరెక్టరు నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పాడు.

మర్నాడు మూడింటికి ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం ఆగి నేనే వెళ్ళాను. దారంతా ఒక్క మాట అనుకుంటూ వెళ్ళాను. తప్పయిపోయిందండి అని. అంతే. నాలుగేళ్ళ పిల్లాడు కూడా అనగలడు.

ఆయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. మోకాలికి నూనె గుడ్డ కట్టుంది.

"రండి" అన్నారు.

నా వెనక ఎవరైనా వచ్చారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"కూర్చోండి. ఎండలో పడి వచ్చేరు."

కూర్చోలేకపోయాను. మా వైపు అందరూ అందరినీ అండీ అంటారు. పాలవాణ్ణీ అంటారు, దారిన పోయేవాణ్ణీ అంటారు. అరవై ఏళ్ళు నన్ను ఒరే అన్న మనిషి ఆయన. ఆ రోజు ఆ అండీ వేళ్ళ మీద పడ్డ దెబ్బల కన్నా గట్టిగా తగిలింది.

కూతురు లోపల్నుంచి స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"గ్లాసొద్దమ్మా. కప్పులో పోసియ్యి. గ్లాసెత్తితే ఆయన గంట కొడతారు."

ఆవిడ నా వైపు ఒకసారి చూసి, గ్లాసులు వెనక్కి తీసుకెళ్ళింది. నేను నేల వైపు చూశాను.

"నాటకమని నాకు తెల్సు" అన్నారు ఆయన, ఆవిడ లోపలికెళ్ళాక. "స్టీలు గ్లాసని తెల్సు. వాడు దొంగని తెల్సు. ముసిలాడికి మతిపోయిందనుకుంటన్నారు ఊళ్ళో. పోలేదు. మొదటిసారి గంట విని ఒళ్ళు దానంతటది వంగిపోయింది. సరే. రెండోసారి ఎందుకు వంగేనో చెప్పమంటారా?"

నా కుడిచెయ్యి వైపు చూపించారు.

"ఈ చెయ్యి ఉత్తినే అలా కొట్టదనుకున్నాను. కొట్టిందంటే, నాకు కనపడనిదేదో అక్కడ నిజంగా జరుగుతందేమో అనుకున్నాను. మీ చేతిని అంత నమ్మేను."

"మూడోసారండి?" అని అడిగాను. అదొక్కటే నోట్లోంచి వచ్చింది.

"మూడోసారి నేను వంగలేదండి. లేవలేకపోయేను."

తప్పయిపోయిందన్న మాట నోటిదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. కూతురు కప్పు తెచ్చింది. తాగాను. వెళ్ళొస్తానండి అన్నాను. "మంచిదండి. ఆయ్, రండి మరి" అన్నారు. అంతే మర్యాదగా, వీధి దాకా చూపుతో సాగనంపారు.

ఆ తర్వాత నాలుగేళ్ళు. ఆయన పాత గుడికి మళ్ళీ రాలేదు. ఆదివారం ఆటోలో కొత్త గుడికి వెళ్ళేవారు, కుర్చీలో కూర్చునే ప్రార్థన చేసుకునేవారు. మోకాలు ఇక వంగలేదు. నేను ఎదురుపడితే "బాగున్నారాండి?" అని అడిగేవారు. బాగున్నానండి అనేవాణ్ణి. ఎన్నోసార్లు ఆ మాట చెబుదామని బయలుదేరి, వాళ్ళ వీధి మలుపు దాకా వెళ్ళి, తిరిగొచ్చాను. మా ఆవిడకి తెలుసు. "ఇవాళైనా అన్నారా?" అనేది. కొన్నాళ్ళకి అడగడం మానేసింది.

పోయిన నెలలో ఆయనకి బాగా లేదని విని వెళ్ళాను. గుమ్మం దాటి లోపలికే వెళ్ళాను. మనిషి మంచానికి అతుక్కుపోయారు. కూతురు చెవి దగ్గర వంగి, నేను వచ్చానని చెప్పింది. కళ్ళు తెరవలేదు గానీ విన్నారు. "కుర్చీ వెయ్యమ్మా ఆయనకి" అన్నారు. ఒరే అని ఒక్కసారి అంటారేమోనని, అంటే నేనూ అనేయొచ్చని, చాలాసేపు కూర్చున్నాను. నిద్రపోయారు.

నేను ఆ మాట అనకుండానే వచ్చేశాను. అది ఆయన తప్పు కాదు.

గురువారం సాగనంపారు. మా పేటలో ఎవరు పోయినా పెట్టెని సమాధుల తోటకి పాత గుడి ముందు నుంచే తీసుకెళ్ళాలి. వేరే దారి లేదు. గుడి మూయక ముందు పెట్టెని లోపలికి తీసుకొచ్చి, పీఠం ముందు దింపి, చివరి ప్రార్థన చెప్పి తీసుకెళ్ళేవారు. ఎన్ని పెట్టెల పక్కన నిలబడి ఆయన ఆ ప్రార్థన చెప్పారో. కళలవాళ్ళు వచ్చాక ఆ పద్ధతి పోయింది.

ఆ రోజు లోపల బొమ్మల ప్రదర్శన ఉంది. "శవం వెళ్ళేటప్పుడు మెయిన్ డోర్ వేసి ఉంచండి తాతగారూ. డిస్టర్బెన్స్ ఉండకూడదు" అని మేనేజరమ్మ గారు పొద్దున్నే చెప్పింది. "ఆయ్" అన్నాను. సరేనని. నేనెప్పుడూ అదే అంటాను.

పాట దూరంగా వినపడ్డాక లేచాను. ముందు కుడి రెక్క గడియ తీశాను, తర్వాత ఎడమ రెక్క. బరువైన తలుపులు. ఒక్కణ్ణే తోశాను. స్టేజీ దాకా దారి ఖాళీ చేశాను. బొమ్మలు చూడ్డానికి వచ్చినవాళ్ళు గోడలవైపు తప్పుకున్నారు. మేనేజరమ్మ గారు గదిలోంచి వచ్చి, "ఏంటండి ఇది? మీకు చెప్పేను కదా" అంది.

"లోపలికొస్తారండి" అన్నాను. "మా ఉపదేశి గారు. కాసేపు."

ఆవిడకి నేను అన్నేళ్ళలో ఎదురు చెప్పింది అదొక్కటే. ఆవిడ నా ముఖం చూసి పక్కకి జరిగింది.

పెట్టె గేటు దాకా వచ్చింది. ఆరుగురు మోస్తున్నారు. గేటు ముందు ఆగారు. పాట ఆగింది. పెట్టె దింపుతారు, నేను దాని పక్కన కూర్చుంటాను, ఎవరూ వినకుండా ఆ ఒక్క మాటా చెప్పేస్తాను. రెండు అడుగులు ముందుకి వేశాను.

మోసేవాళ్ళు భుజాలు మార్చుకున్నారు. అందుకే ఆగారు. ఎడమవాళ్ళు కుడికి, కుడివాళ్ళు ఎడమకి. పాట మళ్ళీ ఎత్తుకున్నారు.

కూతురు పెట్టె వెనకనుంచి నన్ను చూసింది. తెరిచిన తలుపులు చూసింది. దగ్గరికి వచ్చి, ఏడ్చి ఏడ్చి పోయిన గొంతుతో, "నాన్నగారు ముందే చెప్పేరు బాబాయి. ఇక్కడ దింపొద్దన్నారు" అంది. నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేసి, వెళ్ళి వాళ్ళలో కలిసిపోయింది.

గాలికి తలుపు రెక్క మూసుకోబోతుంటే వీపు ఆన్చి నిలబడ్డాను. పెట్టె కొబ్బరిచెట్ల మధ్యకి వెళ్ళింది. తెల్లచీరలు వెళ్ళాయి, సైకిళ్ళు నడిపించుకుంటూ వెనకబడ్డవాళ్ళు వెళ్ళారు. పాట వినపడడం మానేసింది. లోపల, ఖాళీ చేసిన దారి పొడుగునా, ఎండ నేల మీద పరుచుకుని ఉంది. దాని మీద ఎవరి అడుగూ పడలేదు.